మూడు భాషల తరగతిలో ఒకే రైలుమార్గం: వర్చువల్ లోకంలో పిల్లలందరినీ కలిపి చదివించే విధానం

ఒడిశాలోని గజపతి జిల్లా ఉన్నత పాఠశాలల్లో తరగతి గది మూడు భాషల మధ్య నడుస్తుంది. పుస్తకం ఒడియాలో ఉంటుంది. పర్లాకిమిడి, కాశీనగరం చుట్టుపక్కల పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు. గుమ్మా, సెరంగో కొండల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లల ఇంటి భాష సవర. పాఠం సాగుతున్నంతసేపూ ఒడియా ధారాళంగా వచ్చినవారే చేతులెత్తుతారు. జట్టుగా చేయమని పని అప్పగించినా చార్టు మీద ఒక్కరే రాస్తారు, మిగిలినవారు స్కేలు, స్కెచ్ పెన్నులు అందిస్తూ కూర్చుంటారు. ఈ పరిస్థితిని మార్చడానికి వర్చువల్ లోకం, అంటే అందరూ ఒకేసారి ప్రవేశించి కలిసి కట్టుకోగలిగే కంప్యూటరు లోకం, ఎలా ఉపయోగపడుతుందో, దాన్ని ఇంటర్నెట్ లేని మామూలు బడిలో ఎలా నడపాలో నా అనుభవం మేరకు రాస్తున్నాను. నా తరగతి ఎనిమిదో తరగతి. పిల్లలు 36 మంది, పనిచేసే కంప్యూటర్లు 12.

ముందే ఒక మాట చెప్పాలి. లోకాన్ని తెరిచి పిల్లలను వదిలేసినంత మాత్రాన సహకారం పుట్టదు. మొదటి రోజు నేను చేసిన పొరపాటు అదే. ఇరవై నిమిషాల్లో మౌసులన్నీ ఇంటి దగ్గర ఫోనులో ఆటలాడే అలవాటున్న మగపిల్లల చేతుల్లోకి చేరాయి, ఒకరు కట్టిన గోడను మరొకరు కూల్చారు, ఆడపిల్లలూ సవర పిల్లలూ వెనక నిలబడి చూస్తూ ఉండిపోయారు. నల్లబల్ల ముందు ఏ వరుస ఉందో అదే వరుస తెర ముందుకూ వచ్చింది. లోకం కన్నా ముందు పనిని రూపొందించుకోవాలని ఆ రోజే అర్థమైంది: ఏ ఒక్కరూ ఒంటరిగా పూర్తి చేయలేని పని, ప్రతి ఒక్కరి దగ్గరా దానికి కావలసిన ఒక ముక్క ఉండే పని.

ఏ లోకాన్ని ఎంచుకోవాలి

2003లో వచ్చిన సెకండ్ లైఫ్ నుంచి నేటి వరకు ఇలాంటి లోకాలు చాలా వచ్చాయి. బ్లాకులు, అంటే ఘనాకారపు దిమ్మెలు, పేర్చి కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ ఆటకు బడుల కోసం ప్రత్యేకంగా తయారైన రూపం మైన్‌క్రాఫ్ట్ ఎడ్యుకేషన్ 2016లో వచ్చింది. పాఠాలు సిద్ధంగా దొరుకుతాయి, చదివి వినిపించే సౌకర్యం కూడా ఉంది. అయితే బడి పేరుతో మైక్రోసాఫ్ట్ ఖాతాలు, లైసెన్సులు కావాలి. ఖాతాలు చూసుకునే మనిషి ఉన్న బడికి అది మంచిదే. బ్రౌజరులో తెరుచుకునే మొజిల్లా హబ్స్‌ను ఎంతోమంది ఉపాధ్యాయులు ఇష్టపడ్డారు గాని, ఆ సంస్థ 2024 మే 31న దాన్ని ఆపేసింది. వేరొకరి సర్వరు మీద పిల్లల సంవత్సరం పనిని పెట్టడానికి నాకు అప్పటి నుంచి మనసు ఒప్పడం లేదు.

నేను వాడేది లువాంటి. ఇందులో కూడా అలాగే బ్లాకులతో కట్టాలి. 2010లో మైన్‌టెస్ట్ అనే పేరుతో మొదలైన ఈ ఉచిత సాఫ్ట్‌వేరు 2024లో పేరు మార్చుకుంది. ఫిన్నిష్ భాషలో సృష్టి అనే అర్థం ఉన్న మాటను, దాని లోపల వాడే లువా అనే ప్రోగ్రామింగ్ భాష పేరును కలిపి కొత్త పేరు పెట్టారు. పాత కంప్యూటర్లలో కూడా నడుస్తుంది. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేయనక్కరలేకుండా జిప్ ఫైలు విప్పి, పెన్ డ్రైవ్ నుంచే తెరవవచ్చు. కంప్యూటర్ల పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియని బడుల్లో ఈ ఒక్క సౌలభ్యం చాలా విలువైనది.

గదిని సిద్ధం చేయడం

ఇంటర్నెట్ ఉన్న చోట, అంటే ఇంట్లోనో పట్టణంలోనో, లువాంటి ప్రోగ్రామును, దానితోపాటు మైన్‌టెస్ట్ గేమ్ అనే మూల ఆటను, స్థలాలకు హద్దులు పెట్టే ఏరియాస్ అనే చేర్పును దించుకోవాలి. ఈ రెండోదీ మూడోదీ సర్వరుగా పనిచేసే ఒక్క కంప్యూటరులో ఉంటే చాలు, మిగిలిన కంప్యూటర్లకు కావలసినవి అదే పంపుతుంది. అన్నిటిలోనూ ప్రోగ్రాము వెర్షను ఒకటే ఉండాలి. సర్వరుగా బ్యాటరీ పనిచేసే ల్యాప్‌టాప్‌ను పెట్టుకోండి. మన వైపు కరెంటు సంగతి మీకు చెప్పనక్కరలేదు. డెస్క్‌టాప్‌లు ఆరిపోయినా లోకం ల్యాప్‌టాప్‌లో నిలిచి ఉంటుంది, కరెంటు రాగానే పిల్లలు వదిలిన చోటికే తిరిగి వస్తారు. ఇంటర్నెట్ కనెక్షను లేని మామూలు వైఫై రౌటరు ఒకటి ఉంటే కంప్యూటర్లన్నీ దానికే కలుస్తాయి. పిల్లలు చిరునామా గడిలో ల్యాప్‌టాప్ ఐపీ నంబరును (నెట్‌వర్కులో దాన్ని గుర్తించే సంఖ్య), పోర్టు గడిలో 30000ను నింపితే లోకంలోకి చేరతారు. మొదటిసారి చేరలేకపోతే ల్యాప్‌టాప్‌లోని విండోస్ ఫైర్‌వాల్ అడ్డుపడుతోందని అనుకోండి. నూటికి తొంభైసార్లు కారణం అదే.

సెట్టింగుల్లో క్రియేటివ్ మోడ్ (బ్లాకులన్నీ ఎన్ని కావాలంటే అన్ని దొరికే పద్ధతి) ఆన్‌లోనూ, దెబ్బలు తగలడం, ఒకరినొకరు కొట్టుకోవడం, నిప్పు, బాంబులు ఆఫ్‌లోనూ ఉండాలి. యంత్రాలు నెమ్మదిగా ఉంటే చూపు దూరాన్ని 60కి తగ్గించండి. నడిచేటప్పుడు తెర ఊగే ఏర్పాటును సున్నా చేయండి, ఎందుకంటే కొందరు పిల్లలకు ఆ ఊపుకే తల తిరుగుతుంది. పిల్లలకు సొంత పేర్లకు బదులు పిట్టల పేర్లో చేపల పేర్లో పెట్టండి. మా తరగతిలో కొరమీను, గోరింక, పాలపిట్ట ఉన్నాయి. చాటింగులో తెలుగు, ఒడియా అక్షరాలు టైపు చేస్తే ఒత్తులూ గుణింతాలూ సరిగా అతుక్కోకపోవచ్చు కనుక ముందు రోజే పరీక్షించి చూసుకోవాలి. లోకంలోని బోర్డుల మీద మేము అంకెలు, బాణాలు మాత్రమే పెడతాం; మాటలన్నీ నోటితోనో, గోడ మీద చార్టుతోనో నడుస్తాయి.

ఆ చార్టును పిల్లలే తయారు చేయాలి. మూడు నిలువు వరుసలు గీసి ఎడమ, కుడి, పైన, కింద అని తెలుగులో రాయిస్తే, పక్కన బామ, డాహాణ, ఉపర, తళ అని ఒడియా పిల్లలు చేరుస్తారు. మూడో వరుసను ఖాళీగా వదిలి సవర పిల్లల చేతికి సుద్దముక్క ఇవ్వండి. ఉపాధ్యాయునికి తెలియని మాటలను పిల్లలు గోడ మీద రాయడం తరగతిలో ఎంత మార్పు తెస్తుందో నేను వర్ణించడం కన్నా మీరు చూడడమే మేలు. ఈ ఆలోచన మన ప్రాంతానికి కొత్తది కూడా కాదు. గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూనే సవర నేర్చుకొని, సవర పిల్లలకు వారి భాషలో వాచకాలు రాసి బడులు నడిపించారు.

ఒక్క యంత్రం, ముగ్గురు పిల్లలు, మూడు పనులు

యంత్రానికి ముగ్గురిని కూర్చోబెట్టి, ముగ్గురికీ వేరు వేరు పనులు ఇవ్వండి. మొదటివారు "చెయ్యి": కీబోర్డు, మౌసు వారివే, కాని వారు స్వయంగా ఏదీ నిర్ణయించకూడదు, చెప్పింది చేయాలి. రెండోవారు "కన్ను": గళ్ళ కాగితం మీద పటం గీస్తారు, ఎఫ్5 నొక్కితే తెర మీద కనిపించే మూడు సంఖ్యలు, అంటే నిలబడిన చోటు అడ్డం, ఎత్తు, పొడవులు చదివి రాసుకుంటారు. మూడోవారు "నోరు": పక్క జట్టు దగ్గరికి నడిచి వెళ్ళి మాట్లాడి రావడానికి అనుమతి ఉన్నది వారికి ఒక్కరికే. పది నిమిషాలకోసారి స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొడితే కుర్చీలు మారాలి. ఈ మార్పిడిని గడియారానికే వదిలేయండి. "ఇంకొక్క నిమిషం సార్" అన్నవారికి ఒక్కసారి ఒప్పుకుంటే, మౌసు ఆ చేతిని ఇక వదలదు.

ముగ్గురిలో ఇద్దరు స్నేహితులైతే మూడోవారు ఒంటరి అవుతారు కనుక జట్లను పిల్లల ఇష్టానికి విడిచిపెట్టవద్దు. వీలైనంత వరకు జట్టుకు ఒక తెలుగు, ఒక ఒడియా, ఒక సవర ఇంటి బిడ్డను కలపండి. మా తరగతిలో సవర పిల్లలు తొమ్మిదిమందే కనుక మూడు జట్లకు ఆ కలయిక కుదరలేదు.

పనిని ముక్కలు చేయడం

1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో, తెల్ల, నల్ల, మెక్సికన్ అమెరికన్ పిల్లలు అప్పుడే ఒకే బడిలో చేరి ఒకరినొకరు ఓర్చుకోలేకపోతున్న రోజుల్లో, ఎలియట్ అరాన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పాఠాన్ని ముక్కలు చేసి జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చే పద్ధతిని తెచ్చారు. పక్కవాడి ముక్క వినకపోతే తనకే పాఠం పూర్తి కాదు కనుక ప్రతి బిడ్డా ప్రతి బిడ్డ మాటా వినవలసి వస్తుంది. వర్చువల్ లోకంలో ఈ పద్ధతి మరింత చక్కగా అమరుతుంది, ఎందుకంటే విననివారి తప్పు కట్టడంలో కనిపించి తీరుతుంది.

మేము ఎంచుకున్న పని నౌపడ నుంచి పర్లాకిమిడి వరకు రైలుమార్గం. పర్లాకిమిడి రాజావారి చొరవతో ఆ చిన్న గేజి లైను 1900లో మొదలైంది, తరువాత గుణుపురం దాకా సాగింది, 2011 నాటికి మొత్తం బ్రాడ్ గేజి అయింది. పిల్లల తాతలందరికీ ఆ పాత బండితో ఏదో ఒక కథ ఉంటుంది కనుక ఇంటి దగ్గర అడిగి రాసుకు రమ్మన్నాను. దూరం సుమారు 40 కిలోమీటర్లు. ఒక బ్లాకు వంద మీటర్లనుకుంటే 400 బ్లాకుల మార్గం. టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా దాన్ని ఆరు భాగాలు చేసి, భాగానికి రెండు జట్లను పెట్టాను. ఒక జట్టు గట్టు వేయాలి, మరో జట్టు దాని మీద పట్టాలు పరచి స్టేషను కట్టాలి. ప్రతి భాగం హద్దు దగ్గర పక్క భాగంతో కలవాలి, లేకపోతే బండి ఆగిపోతుంది. ఏరియాస్ చేర్పుతో ఒక భాగంవారు మరో భాగంలో బ్లాకు పెట్టలేకుండా చేశాను. అందువల్ల పక్కవారి తప్పు దిద్దాలంటే వెళ్ళి మాట్లాడడం తప్ప వేరే దారి లేదు.

ప్రతి జట్టులోని ముగ్గురికీ మూడు చీటీలు. నేల ఎత్తుల చీటీ ఒడియాలో, స్టేషన్ల చీటీ తెలుగులో ఇచ్చాను. నది, కాలువల దూరాలను ఒక సవర పెద్దాయన చేత చెప్పించి ఫోనులో రికార్డు చేసి, జట్టులోని సవర బిడ్డ చెవికి మాత్రమే వినిపించాను. ఈ మూడో చీటీని సవరలో మాత్రమే ఉంచడానికి చాలా శ్రమ పడ్డాను, ఆ శ్రమ వృథా కాలేదు. సవర బిడ్డ లేని మూడు జట్లకు అవే దూరాలను బొమ్మల చీటీగా ఇచ్చాను. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం: ఆ బిడ్డ ఎప్పటికీ దుబాసీగానే మిగిలిపోకూడదు. రెండో వారం చీటీలు తారుమారు చేసి, ఎత్తుల లెక్క సవర పిల్లలకు, రికార్డును పదే పదే విని అర్థం అడిగి తెలుసుకునే పని మిగిలినవారికి ఇవ్వండి.

రెండో వారంలోనే టెంబూరు భాగం పట్టాలు, పాతపట్నం భాగం పట్టాలు హద్దు దగ్గర ఒక్క బ్లాకు పక్కకు తప్పాయి. బండి వచ్చి అంచున ఆగిపోయింది. రెండు జట్లదీ ఒకటే లెక్క: వాగు ఒడ్డు నుంచి 13 బ్లాకులు. "మేం ఒడ్డు కాడినుంచే లెక్కెట్టేం మాస్టారూ, ఆళ్ళదే తప్పు" అని ఒక జట్టు, ఒడియాలో అదే మాట రెండో జట్టు. నాకు కారణం తెలుసు, కాని చెప్పలేదు. గొడవ కాస్త చల్లారాక, అప్పటి వరకు తరగతిలో పెద్దగా నోరు విప్పని సవర అమ్మాయి ఒకతె "చెయ్యి" కుర్చీలో కూర్చొని, ఒడ్డు అంచు బ్లాకు మీద తన బొమ్మను నిలబెట్టి, ఒక్కొక్క అడుగే వేస్తూ తన భాషలో పైకి లెక్కపెట్టింది. ఒక జట్టు అంచు బ్లాకునే ఒకటిగా లెక్కించింది, మరో జట్టు దాని పక్క బ్లాకును. పిల్లలందరికీ అది కళ్ళ ముందు కనబడింది.

లెక్క చివర ఆ అమ్మాయి పదమూడుకు చెప్పిన మాట విని తెలుగు పిల్లవాడొకడు "అంటే పన్నెండూ ఒకటా?" అని అడిగాడు. అవును. సవర లెక్కలో పన్నెండు దాటాక పదమూడును పన్నెండూ ఒకటి అనే తీరులో చెబుతారు. ఇరవై దగ్గర మళ్ళీ కొత్త మెట్టు, ముప్ఫై మూడు అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. మన లెక్క పదుల మీద నడిస్తే వారి లెక్క పన్నెండు, ఇరవైల మీద నడుస్తుంది. ఎనిమిదో తరగతికి సంఖ్యల ఆధారం గురించి చెప్పడానికి నేను ఎన్నో ఏళ్ళుగా వెతుకుతున్న ఉదాహరణ అలా దొరికింది, ఆ రోజు గణితం పీరియడు రైలు కట్ట మీదే గడిచింది. ఆ తరువాత ప్రతి హద్దు దగ్గరా రెండు జట్లూ కలిసి ఒక ఎర్ర బ్లాకు నాటి, అక్కడి మూడు సంఖ్యలను ఇద్దరు "కన్ను"లూ తమ కాగితాల మీద రాసి సరిచూసుకున్నాకనే పట్టాలు వేయడం ఆనవాయితీ చేశారు.

అందరికీ చోటు

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, బడులు పిల్లలందరినీ కలుపుకొని చదివించాలని చెబుతోంది. వర్చువల్ లోకం ఇందుకు కొంత సాయపడుతుంది, అన్నిటికీ కాదు.

వినికిడి తక్కువగా ఉన్న పిల్లల కోసం ఏ సూచననూ ధ్వనితో మాత్రమే ఇవ్వవద్దు. పళ్ళెం మోతతో పాటు లైటును ఒకసారి ఆర్పి మళ్ళీ వెలిగించండి. ఒక చెయ్యి మాత్రమే బాగా పనిచేసే పిల్లలకు సెట్టింగుల్లో నడక మీటలను ఆ చేతికి అందే చోటికి మార్చవచ్చు. దానంతట అదే ముందుకు నడిచే మీట కూడా ఉంది. అంచు నుంచి పడిపోకుండా జాగ్రత్తగా నడవడానికి షిఫ్ట్ మీట వాడతారు. విండోస్‌లో షిఫ్ట్‌ను ఐదుసార్లు వరసగా నొక్కితే స్టిక్కీ కీస్ అనే పెట్టె తెర మీదికి వస్తుంది, పిల్లలు కంగారుపడి అవును అని నొక్కేస్తారు, ఆ తరువాత కీబోర్డు వింతగా ప్రవర్తిస్తుంది. అవసరమైన బిడ్డ యంత్రంలో ఉంచి, మిగిలిన యంత్రాల్లో ఆ సత్వరమార్గాన్ని ముందే ఆపేయండి. చూపు మందంగా ఉన్నవారికి అక్షరాల పరిమాణం పెంచి, వీలైతే స్మార్ట్ క్లాసు టీవీకి హెచ్‌డీఎంఐ తీగతో కలిపి చూపండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు, చాలామందికి ఆ సంగతి తమకే తెలియదు. కనుక హద్దు బ్లాకును రంగుతోపాటు దాని మీద పెట్టిన దీపంతో కూడా గుర్తించేలా చేయాలి.

బొత్తిగా చూపు లేని బిడ్డకు ఈ లోకం అందదు. అందుతుందని నటించడం ఆ బిడ్డను అవమానించడమే. మాకు తోచిన మార్గం ఏమిటంటే, ఆ బిడ్డ బల్ల మీద అగ్గిపెట్టెలతో, పుల్లలతో అదే రైలుమార్గాన్ని తాకి తెలుసుకునే నమూనాగా కట్టించడం. "నోరు"గా ఉన్నవారు ప్రతి మార్పునూ ముందు ఆ బల్ల దగ్గర చెప్పి, నమూనాలో కుదిరిందని ఒప్పించాకనే లోకంలో మార్చాలి. నిజానికి కట్ట వంకరలను తెర మీద కన్నా ఆ బల్ల మీదే ముందు పసిగట్టగలిగారు.

మాటలు పెగలని పిల్లలకు, బొమ్మ వెనక దాక్కుని మాట్లాడే అవకాశం పెద్ద ఊరట. ఆటిజం ఉన్న పిల్లలు నిర్భయంగా ఆడుకోవడం కోసం కెనడాలో స్టువర్ట్ డంకన్ 2013లో ఆట్‌క్రాఫ్ట్ అనే మైన్‌క్రాఫ్ట్ సర్వరు ప్రారంభించారు. అక్కడ వేధింపులకు తావు లేకుండా కట్టుదిట్టమైన నియమాలుంటాయి. మన తరగతి సర్వరుకు కూడా నియమాలు కావాలి, కాని అవి మూడుకు మించకూడదు. ఎవరి కట్టడాన్నైనా ముట్టుకునే ముందు అడగాలి. కూలిస్తే కూల్చినవారూ కట్టినవారూ కలిసి మళ్ళీ కట్టాలి. చాటింగులో రాసినదంతా సార్ చదువుతారు.

మార్కులు

కట్టడానికి మార్కులు వేయవద్దు. వేస్తే బాగా ఆడేవాడే మళ్ళీ మౌసు లాక్కుంటాడు. నేను పీరియడు చివర ప్రతి జట్టులో ఒకరిని చీటీ తీసి పిలిచి, "గట్టు ఇక్కడ ఎందుకు ఎత్తు చేశారు?" వంటి ప్రశ్న ఒకటి అడుగుతాను. జవాబు ఏ భాషలో చెప్పినా సరే. ఆ జవాబుకు వచ్చిన మార్కే ముగ్గురికీ వస్తుంది. ఎవరి పేరు వస్తుందో తెలియదు కనుక, ముందుగానే ముగ్గురూ ఒకరికొకరు చెప్పుకుంటారు. దానితోపాటు ప్రతి బిడ్డా సొంత నోటుబుక్కులో రోజుకు నాలుగు వాక్యాలు రాయాలి. వాటికి విడిగా మార్కులు. ఒక్కరి కష్టం మీద ముగ్గురూ దాటిపోకుండా ఈ రెండో భాగం కాపాడుతుంది.

తల్లిదండ్రులు కొందరు "బడిలో ఆటలేమిటి" అని అడుగుతారు. వారిని ఒక శనివారం పిలిచి పిల్లల పక్కన కూర్చోబెట్టండి. మా దగ్గరికి వచ్చిన ఒక తాతగారు తెర మీది పాతపట్నం స్టేషనును చూసి, నీళ్ళ ట్యాంకు ఆ పక్కన కాదు ఈ పక్కన ఉండేదని పట్టుబట్టి మార్పించారు.

రోజూ సాయంత్రం సర్వరును ఆపి, లోకం ఫోల్డరును మొత్తంగా తేదీ వేసి పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేయండి. సర్వరు నడుస్తుండగా కాపీ చేస్తే ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది. సంవత్సరం చివర ఆ ఫోల్డరును, పిల్లల గళ్ళ కాగితాలను, మూడు వరుసల చార్టును కలిపి కింది తరగతికి అప్పగిస్తే, వారు కాశీనగరం వైపు పట్టాలను సాగించవచ్చు. మా ఏడో తరగతివారు గుణుపురం వరకు దూరం ఎంతని ఇప్పటికే అడుగుతున్నారు.